మూత లేని పెట్రోల్ ట్యాంకు ఉన్న కారా? ముందు గరాటు ఎక్కడుందో వెతకండి

అమెరికా వచ్చిన కొత్తలో సెకండ్‌హ్యాండ్ ఫోర్డ్ ఎస్కేప్ కొన్నాను, 2014 మోడల్. మొదటిసారి పెట్రోల్ కొట్టించుకోవడానికి, అదే, ఇక్కడ కొట్టేవాళ్లెవరూ ఉండరు కాబట్టి మనమే కొట్టుకోవడానికి, డాలస్ దగ్గర ఒక బంకులో ఆపి ట్యాంకు డోర్ తెరిచి చూస్తే లోపల మూత లేదు. గుండె ఝల్లుమంది. అమ్మినతను మూత ఎక్కడో పారేసుకుని బండి నాకు అంటగట్టాడనుకుని ఫోటో తీసి అతనికే పంపించాను. నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టి, "దానికి మూత ఉండదు, నాజిల్ పెట్టెయ్" అని జవాబిచ్చాడు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

ఆ తర్వాత ఆ బండి ఏడేళ్లు నడిపాను, ఇప్పుడున్న హోండా సీఆర్-వీ కూడా మూత లేనిదే. ఈ మధ్య మనవాళ్లు ఎవరు కారు కొన్నా ఇదే ప్రశ్న, ఇదే కంగారు. అందుకని ఇది ఎలా పనిచేస్తుంది, ఎలా వాడాలి, ఎక్కడ కొంప ముంచుతుంది అన్నవి ఒకచోట రాస్తున్నాను. మొత్తం చదివే ఓపిక లేకపోతే గరాటు గురించి రాసిన భాగం ఒక్కటి చదవండి, చాలు.

లోపల ఏముంది

మూత లేదంటే ట్యాంకు నోరు తెరుచుకుని ఉందని కాదు. ఫోన్ లైట్ వేసి ఒకసారి లోపలికి చూడండి. గుండ్రటి నల్ల ప్లాస్టిక్ గూడు, దాని మధ్యలో పెద్ద నాణెమంత రెక్క ఒకటి స్ప్రింగు బిగువు మీద మూసుకుని ఉంటుంది. ఫోర్డ్ పద్ధతిలో ఆ రెక్కను పక్కల నుంచి చిన్న కొక్కేలు పట్టుకుని ఉంటాయి. అవి ఒకేసారి పక్కకి జరిగితేనే రెక్క లోపలికి వాలుతుంది, అలా జరపాలంటే బంకులోని నాజిల్ అంత లావున్నది దూరాలి. ఇక్కడ పెట్రోల్ నాజిల్ లావు దాదాపు 21 మిల్లీమీటర్లు, డీజిల్‌ది దాదాపు 24. పెన్నో, సన్నటి పైపో పెట్టి పొడిస్తే ఒక పక్క కదులుతుంది, రెండో పక్క కదలదు, రెక్క తెరుచుకోదు. ఈ రెక్క వెనక ఇంకో రెక్క ఉంటుంది, ఆవిరి బయటికి రాకుండా సీలు వేసినట్టు మూసేది అది. నాజిల్ బయటికి లాగగానే రెండూ టప్‌మని మూసుకుంటాయి. ఆ చప్పుడు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఫోర్డ్ వాళ్లు దీన్ని ముందు జీటీ అనే స్పోర్ట్స్ కారులో పెట్టి, తర్వాత ఈజీ ఫ్యూయల్ అని పేరు పెట్టి 2008 మోడల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి మామూలు బళ్లలోకి తెచ్చారు. హోండాలో 2016 సివిక్, 2017 సీఆర్-వీ, 2018 అకార్డ్ నుంచి ఇదే. కాబట్టి ఇక్కడ సెకండ్‌హ్యాండ్‌లో కారు చూస్తున్నారంటే ఇది మీకు తగలడానికి అవకాశం బాగానే ఉంది.

మా నాన్న వచ్చినప్పుడు చూసి అడిగిన మొదటి మాట, "మూత లేకపోతే ఎండకి ఆవిరైపోదూ?" అని. టెక్సస్ ఎండ చూసి అడిగారు కాబట్టి న్యాయమైన ప్రశ్నే. పోదు. మూత ఉన్న కారైనా లేని కారైనా ట్యాంకులోంచి వచ్చే ఆవిరిని ఒక బొగ్గు డబ్బా పీల్చి పట్టుకుంటుంది, ఇంజన్ నడిచేటప్పుడు దాన్ని లాక్కుని కాల్చేస్తుంది. ఈ ఏర్పాటునే ఈవాప్ అంటారు. ఎక్కడైనా సన్నగా లీకైనా కంప్యూటర్ కనిపెట్టి చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది. ఆ రెండో రెక్క సరిగ్గా మూసుకోకపోతే కూడా అంతే, లైటు వెలుగుతుంది.

కొట్టుకునేటప్పుడు

దీనికీ గైడ్ కావాలా అనుకోకండి, చాలామంది చేసే తప్పులు ఇక్కడే ఉన్నాయి. డోర్ తెరవగానే లోపల దుమ్ము, చిన్న రాళ్లు, ఎండుటాకు ముక్కలు ఉన్నాయేమో చూసి కాగితపు టవల్‌తో ఒకసారి తుడవండి. బంకుల్లో ఆ టవల్స్ ఎలాగూ ఉంటాయి. తుడవకుండా నాజిల్ తోస్తే ఆ చెత్తంతా రెక్కతోపాటు లోపలికే పోతుంది. బుస్సుమని చప్పుడు వస్తుంటే ఆగేదాకా ఆగండి, ఎండలో నిలబెట్టిన బండిలో ట్యాంకు లోపల ఒత్తిడి ఉంటుంది. నాజిల్‌ను వంకరగా కాకుండా నిటారుగా, పూర్తిగా లోపలికి దించండి. సగం దించి పట్టుకుంటే ఆవిరి ఎదురుతన్ని మాటిమాటికీ టక్కుమని ఆగిపోతుంది, అప్పుడు పంపు పాడైందని తిట్టుకుంటాం.

నిండాక నాజిల్ వెంటనే లాగెయ్యకండి. ఇది ముఖ్యం. ఫోర్డ్ మాన్యువల్‌లో కూడా కాసేపు ఆగమనే ఉంటుంది, నేను మనసులో పది లెక్కపెడతాను. నాజిల్ చివర మిగిలిన చుక్కలు ట్యాంకులోకి దిగిపోవాలి. మూత ఉన్న కారులో ఆ చుక్కలు పైన పడినా మూత బిగించేస్తాం కాబట్టి పెద్దగా తెలియదు, ఇందులో రెక్క మీద పడి, దాని మీద దుమ్ము అంటుకుని, నెల తిరిగేసరికి జిడ్డు మట్టి తయారవుతుంది.

ఇంకోటి మన అలవాటు గురించి. పంపు టక్కుమని ఆగాక 37 డాలర్ల 62 సెంట్లు చూపిస్తుంటే చెయ్యి ఊరుకోదు, రౌండుగా 40 చేద్దామని నొక్కుతూనే ఉంటాం. వద్దు. మూత ఉన్నా లేకపోయినా ఇది తప్పే, ఎక్కువైన పెట్రోల్ ఆ బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని తడిపేస్తుంది, ఆవిరి పీల్చాల్సిన డబ్బా పెట్రోల్‌తో నానితే ఇక పనికిరాదు, మార్చాలంటే వందల డాలర్లు. చిల్లర కోసం చిరిగిన జేబు అవుతుంది పని.

న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, అక్కడ మనం పంపు ముట్టుకోకూడదు, 1949 నుంచి ఉన్న చట్టం ప్రకారం బంకు మనిషే కొట్టాలి, మన ఊళ్లో లాగే. కానీ పది లెక్కపెట్టి తియ్యమని ఆయనకి చెప్పడం ఎలాగో నాకు తెలీదు.

లాభాల గురించి నిజాయితీగా

అమ్మేవాళ్లు చెప్పేది టైమ్ కలిసొస్తుందని. మూత తిప్పడానికి పట్టే పది సెకన్లు మిగిలాయని ఎవరూ కారు కొనరు. నా లెక్కలో అసలు లాభం మూత మర్చిపోయే గొడవ లేకపోవడం. పాత కారులో రెండుసార్లు మూత బంకులోనే వదిలేసి వచ్చినవాణ్ని, ఒకసారి కారు పైన పెట్టి హైవే ఎక్కేశాను. సరిగ్గా బిగించకపోయినా చెక్ ఇంజన్ లైటు వస్తుంది, దానికి కారు కంప్యూటర్లో పీ0457 అని ప్రత్యేకంగా కోడే ఉంది, అంటే ఎంతమంది వదులుగా బిగిస్తారో చూసుకోండి. మూతే లేకపోతే ఆ టెన్షనే లేదు. చేతికి పెట్రోల్ వాసన అంటదు, ఆఫీసుకి వెళ్తూ కొట్టుకునేవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. చలికాలంలో గ్లవ్స్ తియ్యక్కర్లేదు. కీళ్లనొప్పులున్నవాళ్లకి మూత తిప్పే పని తప్పుతుంది.

డీజిల్ పొరపాటు గురించి కూడా చెబుతారు. పెట్రోల్ కారులోకి డీజిల్ నాజిల్ లావు వల్ల దూరదు, కానీ ఇది మూత ఉన్న కార్లలో కూడా అంతే, కాబట్టి కొత్త లాభం కాదు. అసలు లాభం డీజిల్ బళ్లకి. కొన్ని ఫోర్డ్ డీజిల్ బళ్లలో రెక్క డీజిల్ నాజిల్ లావుకి మాత్రమే తెరుచుకునేలా చేశారు, సన్నగా ఉన్న పెట్రోల్ నాజిల్ పెడితే తెరుచుకోదు. హ్యాండిల్ రంగు చూసి నమ్మకండి. ఇక్కడ ఎక్కువ బంకుల్లో డీజిల్‌ది పచ్చ, కొన్నిచోట్ల పెట్రోల్‌దే పచ్చ. పైన రాసింది చదవాల్సిందే.

పైపు పెట్టి పెట్రోల్ లాగే దొంగలకి కూడా కష్టమే, సన్నపైపుకి రెక్క తెరుచుకోదు. అయితే తెలివైన దొంగకి ఈ కార్లతోపాటు వచ్చే గరాటు చాలు, కాబట్టి దీన్ని తాళం అనుకోకండి.

ఇక గరాటు సంగతి

రెండేళ్ల కిందట రాత్రి పదకొండింటికి ఫోన్. మా కాలేజీ జూనియర్, ఆస్టిన్ వెళ్తూ ఐ-35 హైవే మీద వేకో ఊరు దాటాక పెట్రోల్ అయిపోయి పక్కకి ఆపుకున్నాడు. ఎవరో పుణ్యాత్ముడు ఆగి, దగ్గర్లో బంకు నుంచి ఎర్ర డబ్బాలో ఒక గ్యాలన్ తెచ్చిచ్చి వెళ్లిపోయాడట. "అన్నా, పెట్రోల్ ఉంది కానీ పోదామంటే పోవట్లేదు, పైకి తన్నుతోంది" అంటున్నాడు. వెనక లారీలు పోతున్న హోరు వినిపిస్తోంది. డబ్బా మూతికున్న గొట్టం సన్నం, రెక్క తెరుచుకోలేదు, వంచిన పెట్రోలంతా గూట్లో నిండి టైరు మీదుగా రోడ్డు మీదికి పోయింది. అతను ఆలోచించి మనవాళ్లు ఎవరైనా చేసే పనే చేశాడు, మంచినీళ్ల సీసా అడుగు కోసి గరాటు చేశాడు. ఆ సీసా మూతి లోపలికే దూరలేదు. అప్పటికి సగం గ్యాలన్ నేలపాలు, చేతులు, ప్యాంటు అంతా పెట్రోల్. నేను భయపడింది దానికే. ముందు డబ్బా కింద పెట్టి కారుకి దూరంగా, రోడ్డుకి దూరంగా వెళ్లి నిలబడమన్నాను.

కాసేపాగి డిక్కీలో కార్పెట్ ఎత్తమన్నాను. స్పేర్ టైరు గుంటలో, జాకీ పక్కన, ప్లాస్టిక్ కవర్లో కారుతో వచ్చిన గరాటు అలాగే ఉంది. మూడేళ్లుగా దాని మీద బియ్యం బస్తాలు వేసుకుని తిరుగుతున్నాడు.

కాబట్టి ఈరోజే కిందకి దిగి వెతకండి. ఎక్కువ కార్లలో డిక్కీ అడుగున, స్పేర్ టైరు లేదా జాకీ దగ్గర ఉంటుంది, కొన్ని పికప్ బళ్లలో సీటు కిందో వెనకో పెడతారు. మాన్యువల్‌లో ఫ్యూయల్ అన్న చోట చూస్తే ఎక్కడుందో రాసి ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ కారైతే చాలాసార్లు ఉండదు, పాత ఓనరు ఇదేదో పనికిరాని ప్లాస్టిక్ ముక్క అనుకుని పారేసి ఉంటాడు. డీలర్ దగ్గర పార్ట్స్ కౌంటర్లో మీ మోడల్, సంవత్సరం చెప్పి అడిగితే ఇస్తారు, ఖరీదు పెద్దగా ఉండదు. వంటింట్లో నూనె పోసే గరాటు పనికిరాదు, దాని కాడ కొక్కేలు జరిపేంత లావుగా ఉండదు.

వాడేటప్పుడు గరాటు కాడను నాజిల్ లాగే నిటారుగా పెట్టి మెల్లగా తొయ్యండి. కొంచెం అడ్డం తగిలి, తర్వాత ఒక్కసారి జారినట్టు లోపలికి వెళ్తుంది. అలా జారిన ఫీలింగ్ రాకుండా పొయ్యడం మొదలుపెట్టకండి. 2009 తర్వాత ఇక్కడ అమ్మే ఎర్ర డబ్బాలకి దానంతటదే మూసుకునే గొట్టం ఉంటుంది, నొక్కో తిప్పో పట్టుకుంటే తప్ప కారదు, ఒక చేత్తో గరాటు, ఇంకో చేత్తో డబ్బా అంటే కష్టం, పక్కన మనిషి ఉంటే గరాటు పట్టుకోమనండి. సన్నటి ధారగా పొయ్యండి. అయ్యాక కాసేపు ఆగి గరాటు తీసి, రెక్క టప్‌మని మూసుకుందో లేదో వినండి, తుడిచి జిప్‌లాక్ కవర్లో పెట్టి మళ్లీ అక్కడే పెట్టండి. కవర్లో పెట్టకపోతే వారం రోజులు కారంతా వాసన.

డబ్బాలో పట్టేటప్పుడు మాత్రం డబ్బాను నేల మీద పెట్టి పట్టండి. డిక్కీలో ఉంచి అక్కడే నింపడం చాలా ప్రమాదం, స్టాటిక్ నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి.

స్క్రూడ్రైవర్ పెట్టి రెక్క తెరిచి పోస్తే అయిపోదా అని అడిగినవాళ్లున్నారు. తెరుచుకోవచ్చేమో కూడా. కానీ ఆ సీలు మీద ఒక గీత పడిందంటే ఆ తర్వాత వచ్చే ఖర్చు ఎంతో ఇప్పుడు చెబుతాను.

చెక్ ఇంజన్ లైటు వస్తే

మూత ఉన్న కారులో ఈవాప్ లీక్ కోడ్ వస్తే పదో ఇరవయ్యో డాలర్లు పెట్టి కొత్త మూత కొని బిగించి చూస్తాం, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. మూత లేనిదానికి ఆ సుఖం లేదు. రెక్కలు, సీలు ఫిల్లర్ పైపుతో, అంటే ట్యాంకులోకి పెట్రోల్ దిగే పైపుతో కలిసే ఉంటాయి, నిజంగా పాడైతే చాలా బళ్లలో పైపు మొత్తం మార్చాలి, లేబర్‌తో కలిపి వందల్లోకి వెళ్తుంది. దీని అసలు లోపం ఇదే. మనం మట్టిరోడ్ల మీద తిరిగినా, కొత్త ఇళ్లు కడుతున్న కాలనీలో ఉన్నా దుమ్ము దీనికి శత్రువు.

నా ఎస్కేప్‌కి ఐదో ఏట వచ్చింది. మా వీధి చివర ఇళ్లు కడుతున్నారు, తెల్లటి సున్నపురాయి దుమ్ము రోజూ. డ్యాష్‌బోర్డు మీద ఫ్యూయల్ ఇన్‌లెట్ చూసుకోమని మెసేజ్, మర్నాడు చెక్ ఇంజన్. షాపులో పైపు మార్చాలన్నారు. నేను ఇంటికొచ్చి ముందు నూలు పోగులు రాలని బట్ట కొంచెం తడిపి గూడంతా తుడిచాను, తర్వాత గరాటు కాడతో రెక్క తెరిచి పట్టుకుని లైటు వేస్తే, రెండో రెక్క అంచున ఆవగింజలో సగం ఉండే రాతి రవ్వ. బట్ట కొసతో అద్ది, లోపలికి పడకుండా తీశాను. తర్వాత గరాటును నాలుగైదుసార్లు లోపలికి పెట్టి తీశాను, రెక్క గట్టిగా మూసుకునేలా. మాన్యువల్లో చెప్పే పద్ధతి కూడా ఇదే. ఇంజన్ ఆపి వేడి ఉన్నప్పుడు, పక్కన ఎవరైనా సిగరెట్ కాలుస్తున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి.

లైటు వెంటనే ఆరదు, దాంతో మనం చేసింది పని చెయ్యలేదనుకుని షాపుకి పరిగెత్తుతాం. కారు కనీసం నాలుగు గంటలు ఆపి ఉంచి, స్టార్ట్ చేసి, ఊళ్లో కొంత, హైవే మీద కొంత నడిపితే ఒక డ్రైవింగ్ సైకిల్ కింద లెక్క. అలాంటివి కొన్ని పడతాయి. నాది నాలుగో రోజు ఆరింది.

కారుకి తగిలిస్తే ఈ కోడ్‌లు చదివి చూపించే ఓబీడీ రీడర్ ఒకటి కొనిపెట్టుకోండి, ఇరవై డాలర్లలో బ్లూటూత్‌వి దొరుకుతాయి. పీ0455 అంటే పెద్ద లీకు, పీ0456 చాలా సన్న లీకు. అయితే ప్రతిదానికీ ఈ రెక్కనే తిట్టకండి. పెట్రోల్ నింపిన వెంటనే కారు స్టార్ట్ అవ్వడానికి మొరాయించి, మామూలప్పుడు బాగానే ఉంటే, అనుమానం పర్జ్ వాల్వ్ మీద, అంటే బొగ్గు డబ్బాలోని ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే వాల్వ్ మీద పెట్టుకోవాలి. అది మార్చడం చాలా కార్లలో చవకే, చిన్న పనే.

ఎమిషన్స్ టెస్ట్, అదే కాలుష్య పరీక్ష, ఉన్న చోట ఇది ఇంకా తలనొప్పి. టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 నుంచి తీసేశారు కానీ డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ ఉంది, లైటు వెలుగుతుంటే ఫెయిల్. రీడర్‌తో కోడ్ చెరిపేసి అదే రోజు టెస్ట్‌కి వెళ్దామనుకుంటే కుదరదు, చెరిపిన వెంటనే కారు తన పరీక్షలన్నీ మళ్లీ మొదలుపెడుతుంది, అవి పూర్తయ్యాయో లేదో టెస్ట్ మెషీన్ చూస్తుంది. రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడే దాకా ఆగకుండా నెల ముందే చూసుకోండి.

ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి ఒక్క మాట. కార్‌వాష్ అయ్యాక నీళ్లు అక్కడ నిలిస్తే గడ్డకట్టి రెక్క బిగుసుకోవచ్చు. బలంగా పొడవకండి, కారు కాసేపు వెచ్చటి గ్యారేజీలో ఉంచితే వదులుతుంది. దుమ్ము ఎక్కువున్న చోట అదనంగా పెట్టుకునే రబ్బరు బిరడాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి, మీ మోడల్‌కి సరిపోయేదే తీసుకోండి. మూత వద్దని చేసిన కారుకి మళ్లీ మూత కొనడం నాకు నవ్వొస్తుంది కానీ, కన్‌స్ట్రక్షన్ సైట్లో పనిచేసేవాడినైతే నేనూ కొనేవాణ్ని.

సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే ట్యాంకు డోర్ కూడా తెరవండి. గూడు శుభ్రంగా ఉందా, రెక్క వంకరగా వాలి ఉందా, చుట్టూ గీతలున్నాయా చూడండి. గీతలుంటే ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టారన్నమాట, ధర తగ్గించమనడానికి పనికొస్తుంది. గరాటు ఏదని అడగండి. నేను ఎస్కేప్ అమ్మినప్పుడు కొన్నాయనకి తాళాలకంటే ముందు అదే చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంజన్ ఆయిల్ పొయ్యడానికా?" అన్నాడు.